నిప్పు పెట్టడం తెలిసిన చేతులు

సిడ్నీ తెలుగువాళ్లకు హెలెన్స్‌బర్గ్ అంటే వెంకన్న గుడి. గుడి చుట్టూ ఉన్నది మాత్రం జామాయిల్ జాతి చెట్ల అడవి. ఆకు నిండా నూనె, ఒంటినిండా వేలాడే ఎండు బెరడు. అంటుకుంటే ఒక పట్టాన ఆగదు. 2001 క్రిస్మస్ నాటి కార్చిచ్చు ఈ ఊళ్లో ఇళ్లనూ బుగ్గి చేసింది.

ఇలాంటి చోట మంటలార్పుతూ వయసు గడిపేసిన నాన్నల పనితనం చలికాలంలో చూడాలి. డీజిల్, పెట్రోలు కలిపి నింపిన డ్రిప్ టార్చ్ వంచి చుక్కచుక్కగా నిప్పు రాలుస్తారు. గాలికి ఎదురుగా, వాలు పైనుంచి కిందికి. అప్పుడు మంట మెల్లగా పాకుతూ నేలమీది చెత్తనే తింటుంది, కొమ్మల జోలికి పోదు. వేసవి మంటకు మేత తగ్గించడమే ఎత్తు. గొట్టం పట్టడం కన్నా ఇదే పెద్ద విద్య అంటాను.

ఇక్కడి గ్రామీణ అగ్నిమాపక దళమైన రూరల్ ఫైర్ సర్వీస్‌లో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లే. పండగపూట పిలుపొస్తే పళ్లెం ముందునుంచి లేచి వెళ్లాల్సిందే (ఇంట్లోవాళ్ల ఓర్పుకు పతకాలుండవు). రిటైరయ్యాక కూతురింటికి చుట్టపుచూపుగా వెళ్లినా సరే, అలాంటి నాన్న కళ్లు ముందు చూరు కాలువ మీదికే పోతాయి. అందులో ఎండాకులుంటే కాఫీ తర్వాత, నిచ్చెన ముందు. ఎగిరొచ్చే నిప్పురవ్వలు చిక్కుకునేది అక్కడే కదా.