పాట తెగని పాదం

మా జుక్కల్, మద్నూర్, బిచ్కుంద దిక్కు సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం కలిసే వినిపిస్తాయి. అయితే రాత్రి మద్దెల మోగి, తెర వెనక గజ్జె ఘల్లుమన్నదంటే ఏ ఇంటివాళ్లయినా చాప చంకన పెట్టుకుని బయల్దేరాల్సిందే. చిందోళ్లొచ్చిండ్రు! ఆ మాటకున్న ఊపు నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చిందు అనే ఈ యక్షగానం పేరెత్తితే ముందు తలుచుకోవలసింది చిందుల ఎల్లమ్మను. జుక్కల్ ఇంకా నిజామాబాద్ జిల్లాలో ఉన్న రోజుల్లో, అదే జిల్లా బోధన్ దగ్గర అమ్దాపూర్ ఆమె ఊరు. పసితనంలోనే గజ్జె కట్టింది, ముసలితనం దాకా విప్పలేదు. 1999లో ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. 2005లో కన్నుమూసింది. చాలా నాటకాల్లో మగవాళ్లు ఆడవేషం కట్టిన కాలంలోనే చిందు మేళంలో ఆడవాళ్లు దర్జాగా అరుగెక్కారు. ఈ గౌరవం చిందుకు దక్కాలి. నాటక చరిత్రలు రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక పనితనం. ఇద్దరు తెర పట్టుకుంటారు. మొదట కిరీటం కొస, కింద పాదాలు, అంతే కనబడతాయి. వేషం వచ్చేటప్పటి పాట, అదే ప్రవేశ దరువు, అందుకోగానే ఆ పాదాలే చెప్తాయి, వచ్చేది రాజా, రాణా, రాక్షసుడా అని. తెర తొలగినాక అసలు పరీక్ష. ఎగిరి చిందెయ్యాలి, గిర్రున తిరగాలి, తిరిగిన ఊపిరితోనే దరువు ఎత్తుకోవాలి. వంతపాట వాళ్లు అందుకున్న ఆ రెప్పపాటే ఊపిరి తీసుకునే సందు. ఆ సందులోనూ గజ్జె తాళం తప్పకూడదు. పాట తెగకుండా పాదం, పాదం ఆగకుండా పాట! ఇది బడిలో వచ్చే విద్య కాదు. తల్లి చంకనెక్కి తిరిగిన రాత్రుల్లో అబ్బాలి.

కిరీటం, భుజకీర్తులు పొనికి కర్రవి. ముఖానికి అర్దళం, కంటికి కాటుక. పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం. చెంచులక్ష్మి, సారంగధర, బాలనాగమ్మ ఒక ఎత్తు; జాంబపురాణం, ఎల్లమ్మ దేవత వేషం ఒక ఎత్తు. జాంబవంతుణ్ణి మూలపురుషుడిగా చెప్పుకునే మాదిగల కులకథను వాళ్ల వాకిట్లో చిందోళ్లు పాడి వినిపిస్తారు. అది చిందోళ్ల హక్కు, మిరాశి. ఎల్లమ్మ వేషం కట్టి కదిలినప్పుడు ఎదుట ఉన్నది నటి అని ఎవరూ అనుకోరు. ముసలమ్మలు చేతులు జోడిస్తారు.

మరి ఇప్పుడు? జాతరలో డబ్బాలో పాట పెట్టి పెదవులు ఆడించేదాన్ని ‘చిందు’ అని పిలుస్తున్నారు. ప్లాస్టిక్ కిరీటం పెట్టుకోనీ, సర్దుకుంటా. రికార్డు పాటకు గంతులేస్తే మాత్రం ఊరుకోను. ఊపిరి పాటదీ, పాదానిదీ ఒకటైతేనే కదా చిందు! ఆ ఊపిరిని తీసేసినాక మిగిలేది రంగు పూసిన ముఖమే. డీజేకు అడిగినంత పోసే ఊరు, రాత్రంతా ఆడిన మేళం దగ్గర బేరం చేస్తుంది. ఇది అన్యాయం.

2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో పండుగ చేసుకున్నాం. కానీ బిరుదు ఒక్కరిని నిలబెడుతుంది; మేళం నిలవాలంటే ఊరు కావాలి. కాబట్టి జుక్కల్ నుంచి ఎల్లారెడ్డి దాకా ప్రతి ఊరి పెద్దలకూ నా మనవి ఒక్కటే. ఈసారి పండుగకు ఒక రాత్రి చిందు మేళానికివ్వండి. బేరమాడకుండా పిలవండి, అన్నం పెట్టండి, తెల్లారేదాకా కూర్చోండి. మీ పక్కన ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకోండి. తెర కింద కదిలే ఆ పాదాలను వాళ్లు చూడాలి. చిందుల ఎల్లమ్మ కూడా అట్లా చూసే నేర్చుకుంది.