ఎదురుబంతి

2025 జనవరి 13, భోగి. వాకిట్లో ముగ్గులు ఇంకా చెదరలేదు. పొద్దుటి నుంచి సకినాలు నములుతూ, చేవెళ్ల దగ్గర మా ఆలూరు ఇంటి అరుగు మీద ఫోను గోడకు ఆనించి ఆస్ట్రేలియన్ ఓపెన్ చూస్తున్నాను. మనకు మధ్యాహ్నం, మెల్‌బోర్న్‌లో రాత్రి. ఒకవైపు 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన నొవాక్ జకోవిచ్, 37 ఏళ్లవాడు. ఎదురుగా గ్రాండ్‌స్లామ్ ప్రధాన డ్రాలో తన మొదటి సింగిల్స్ మ్యాచ్ ఆడుతున్న 19 ఏళ్ల నిశేష్ బసవారెడ్డి.

పక్కింటి అన్న క్యారెట్ తోటకు నీళ్లు పెట్టి వస్తూ ఆగాడు. ఫోనులోకి తొంగి చూసి, “ఎవలీ పిలగాడు? మనోడేనా?” అన్నాడు.

“అమ్మానాయినలది నెల్లూరంట అన్నా. పుట్టింది, పెరిగింది అమెరికాల.”

కాసేపు నిలబడి చూశాడు. “మంచిగనే ఉరుకుతుండు గని, కొడ్తలేడేంది? అవుతలాయన ఏసింది ఏసినట్టు వాపస్ పంపుతుండు.”

టెన్నిస్ రాకెట్ చేత్తో పట్టి ఎరుగని మనిషి నిశేష్ ఆట గురించి అన్న మాట అది. అతని పనితనమంతా అందులోనే ఉంది. జూనియర్‌గా వెలిగినవాడు పెద్దల ఆటలో ఎందుకు పెనుగులాడుతున్నాడో కూడా చాలావరకు అందులోనే ఉంది. అన్న ‘వాపస్ పంపుడు’ అన్నదాన్ని నేను ఎదురుబంతి అంటాను. వచ్చిన బంతిని తిప్పి పంపడం కాదది. ఎదుటివాడి బలాన్ని వాడి మీదికే మళ్లించడం.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. తల్లిదండ్రులు నెల్లూరు నుంచి 1999లో అమెరికా వెళ్లారు. నిశేష్ 2005 మేలో కాలిఫోర్నియాలో పుట్టి, ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ పట్నంలో పెరిగాడు. జూనియర్ ర్యాంకుల్లో ప్రపంచంలో మొదటి ఐదుగురిలోకి వచ్చాడు. 2022లో ఓజన్ బారిస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్ గెలిచాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, రెండేళ్లు కాలేజీ జట్టుకు ఆడి, 2024 డిసెంబరులో చదువు పక్కనపెట్టి ప్రొఫెషనల్ అయ్యాడు. అన్నట్టు, కార్మెల్‌లో అతనికి పెద్దదిక్కు అదే ఊళ్లో పెరిగిన రాజీవ్ రామ్, జో సాలిస్‌బరీతో కలిసి యూఎస్ ఓపెన్ డబుల్స్ వరుసగా మూడుసార్లు గెలిచిన ఆటగాడు. రామ్ నెట్ మీదికి దూసుకెళ్లే రకం. ఆయన నీడలో పెరిగిన కుర్రవాడు బేస్‌లైన్ వదలని ఆటగాడు కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక పని.

గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బయల్దేరిన సర్వ్ అవతలి బేస్‌లైన్ చేరడానికి అర సెకను, కాస్త అటూఇటూ. ఆ అర సెకనులో బంతి ఎటు వస్తోందో చూడాలి, అడుగు వేయాలి, భుజం తిప్పాలి, రాకెట్‌ను బంతికి ఎదురు పెట్టాలి. చాలామంది రాకెట్‌ను వెనక్కి లాగి కొట్టబోతారు. ఆ లాగడానికే సమయం చాలదు. నిశేష్ లాగడు. అవతలివాడు బంతిని పైకి విసిరినప్పుడు కాస్త ముందుకు జరుగుతాడు. వాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి రెండు పాదాల మీదా చిన్నగా ఎగిరి దిగుతాడు. దిగేసరికి ఒళ్లు ఏ పక్కకైనా సిద్ధం. ఇక చేయి చేసేది తక్కువే. భుజాలు తిరుగుతాయి, రాకెట్ ముఖం నిలుస్తుంది, బంతి తన వేగంతోనే వెనక్కి పోతుంది. పడేది ఎక్కడంటే, సర్వ్ చేసినవాడు ఇంకా కుదురుకోని చోట, వాడి పాదాల దగ్గర. ఇది చూడ్డానికి దెబ్బలా ఉండదు. అందుకే మా అన్నకు కొడ్తలేనట్టు కనిపించింది.

రెండో పనిముట్టు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే అతని ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గీత వెంబడి నేరుగా వేసే బ్యాక్‌హ్యాండ్. కోర్టు పొడవు 23.77 మీటర్లు. సింగిల్స్‌లో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొడితే 25 మీటర్లకు పైనే దొరుకుతుంది. పైగా ఐమూల బంతి నెట్ మధ్య మీదుగా పోతుంది, అక్కడ నెట్ ఎత్తు 91 సెంటీమీటర్లు. నేరుగా కొడితే చోటు మీటరున్నర దాకా తగ్గుతుంది. స్తంభం దగ్గర నెట్ 107 సెంటీమీటర్లు ఉంటుంది, బంతి అటువైపే దాటాలి. పైగా ఐమూల నుంచి వచ్చిన బంతిని దారి మార్చి పంపాలి. మణికట్టు వెంట్రుకవాసి ముందో వెనకో అయితే బంతి పక్కగీత బయట పడుతుంది. ఇన్ని నష్టాలున్న దెబ్బను ఎవరైనా ఎందుకు కొట్టాలి? ఐమూల బంతులకు అలవాటు పడి ఎదుటివాడు ఆ పక్కకే ఒరిగి ఉంటాడు గనక. నిశేష్ నాలుగైదు బంతులు ఐమూలగా ఆడతాడు. ఒక్కొక్కటీ ముందుదానికంటే జానెడు వెడల్పుగా. అవతలివాడు అలా జరుగుతూ జరుగుతూ కోర్టు సగం ఖాళీ చేశాక, అదే భుజం తిప్పుతో, అదే ముఖంతో, బంతిని అరక్షణం ముందు అందుకుని నేరుగా పంపుతాడు. మోచేయి పైకి లేవదు, బలం పెట్టినట్టు కనిపించదు. మగ్గం మీద పడుగు సరిగ్గా పరిచినవాడికి పేక ఒక్క విసురుకు అవతలికి పోతుంది. ఈ పిల్లవాడి పనితనం పడుగు పరచడంలో ఉంది.

మూడోది కాళ్లు. పాత తరం హార్డ్ కోర్టు మీద జారేది కాదు, జారితే చీలమండ విరుగుతుందని భయం. మట్టి కోర్టు మీద జారినట్టు సిమెంటు లాంటి నేల మీదా జారవచ్చని లోకానికి అలవాటు చేసినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసినవాడు జకోవిచ్. ఆయన్ను చూస్తూ పెరిగిన నిశేష్‌కు ఆ జారుడు ఒంట్లో కలిసిపోయింది. మూలకు పోయి, కాలు చాపి, బంతి కొడుతూనే ఆగి, ఆ ఆగిన కాలుతోనే మధ్యకు తిరిగి నెట్టుకుంటాడు. ఆ భోగి మధ్యాహ్నం తెర మీద ఒక వింత కనిపించింది. గురువుకు తెలియకుండా విద్య నేర్చుకున్న శిష్యుడు గురువు ఎదుటనే ఆడుతున్నాడు. ఏకలవ్యుడి కథే, బొటనవేలు అడగడం ఒక్కటి తప్ప.

తొలి సెట్ 6-4తో నిశేష్‌ది. జకోవిచ్ ఆ రోజే ఆండీ ముర్రేను కొత్త కోచ్‌గా పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మ్యాచ్ ఆడుతున్నాడు. ఆ ఇద్దరి ముఖాలూ చూడవలసిందే! రెండో సెట్ సాగేకొద్దీ కుర్రవాడి కాళ్లు మొరాయించాయి, పరుగులో కుంటు కనిపించింది. 6-3, 6-4, 6-2తో మిగతా మూడు సెట్లూ పెద్దాయన పట్టుకుపోయాడు. అంతకు ముందు వారమే నిశేష్ ఆక్లండ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి 38 ఏళ్ల గేల్ మోన్‌ఫిస్ చేతిలో ఓడాడు. మోన్‌ఫిస్ ఆ టోర్నీ గెలిచాడు కూడా. పందొమ్మిదేళ్లవాడిని వరుసగా ఆపిన ఇద్దరివీ కలిపితే 75 ఏళ్లు. నాకిది యాదృచ్ఛికం అనిపించదు. ఓపికతో ఆడేవాడిని ఓడించడానికి అంతకంటే ఓపిక కావాలి. అది వయసుతో వస్తుంది.

మరి పెనుగులాట ఎక్కడ? ఎదురుబంతి ఖరీదైన పని, అదే చిక్కు. ఆరడుగుల ఆరంగుళాలవాడు సర్వ్‌తోనే గేముకు రెండు పాయింట్లు ఊరికే సంపాదిస్తాడు. నిశేష్ ఎత్తు ఆరడుగులకు అంగుళం తక్కువ. అతనికి ఊరికే వచ్చే పాయింటు అరుదు. ప్రతి పాయింటునూ మొదటి నుంచి చివరి దాకా చేత్తో నెయ్యాల్సిందే. జూనియర్లలో అది చెల్లిపోయింది. పదిహేడేళ్ల పిల్లలకు తొందర ఎక్కువ, నాలుగో బంతికి విసిగి అయిదోదాన్ని బయటికి కొడతారు. నిశేష్ చేయవలసిందల్లా అయిదో బంతిని తిరిగి పంపడమే. పెద్దల ఆటలో అయిదో బంతి బయటికి పోదు, పదిహేనోదీ పోదు. పైగా గ్రాండ్‌స్లామ్‌లో మూడు సెట్లు గెలవాలి. ఆ మెల్‌బోర్న్ రాత్రి కాళ్లు పట్టేసింది ఈ లెక్క దగ్గరే.

చేతిలో ఉన్నదాన్ని ర్యాంకింగ్ అనే కొలత ఎలా అరగదీస్తుందో కూడా చూడాలి. ర్యాంకింగ్ పాయింటు ఏదైనా 52 వారాలే బతుకుతుంది. ఆక్లండ్ లాంటి 250 స్థాయి టోర్నీలో సెమీఫైనల్‌కు 100 పాయింట్లు వస్తాయి. మరుసటి జనవరిలో మళ్లీ అంత ఆడకపోతే ఆ వందా పోతుంది. మన దగ్గర కౌలురైతు పరిస్థితి: పోయినేడు పంట ఎంత బాగా వచ్చినా ఈ ఏడు మళ్లీ దున్నాల్సిందే, పొలం సొంతం కాదు. అట్టడుగున 15 వేల డాలర్ల మొత్తం బహుమతితో చిన్న టోర్నీలుంటాయి. ఆ సొమ్ము వచ్చినవాళ్లందరికీ పంచాలి, గెలిచినవాడికి దక్కేవి 15 పాయింట్లు. దానిపైన చాలెంజర్లు. ఆపైన అసలు టూరు. గ్రాండ్‌స్లామ్ 128 మంది డ్రాలో ర్యాంకు ఆధారంగా నేరుగా వెళ్లేది 104 మంది. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్ ఓడినవాడికీ 1,32,000 ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. కాబట్టి నూటనాలుగోవాడికీ నూటఇరవయ్యోవాడికీ ఆటలో తేడా దారమంతైతే, బతుకులో ఏరంత.

నిశేష్ 2024 మొదట్లో నాలుగు వందలు దాటిన ర్యాంకులో ఉన్నాడు. ఆ ఏడు టిబురాన్‌లో, ప్యూర్టో వయార్టాలో చాలెంజర్ టైటిళ్లు గెలిచి వంద గడప దాకా వచ్చాడు. 2025లో ఒకసారి గడప దాటి తొంభైతొమ్మిదికి చేరి, మళ్లీ బయటికి జారాడు. ఈ గడప దగ్గర నిలబడి వెనక్కి చూస్తే మనవాళ్లు చాలామంది కనిపిస్తారు. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచిన యూకీ భాంబ్రీ గాయాలతో నలిగి, సింగిల్స్‌లో 83 దగ్గర ఆగి, చివరికి డబుల్స్‌లో స్థిరపడ్డాడు. 2021 వింబుల్డన్ బాలుర విజేత సమీర్ బెనర్జీ టైటిల్ గెలిచాక కూడా కాలేజీ దారే ఎంచుకుని, స్టాన్‌ఫర్డ్‌లో నిశేష్‌కు జట్టు సహచరుడయ్యాడు. ఆ దారి మన ఊళ్లవాళ్లకు కొత్త కాదు. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అలబామాలో, హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి వచ్చారు. కోచ్, కోర్టు, ఫిజియో, విమానం టికెట్టు కాలేజీ భరిస్తుంది. ఇరవై దాటి ఒళ్లు గట్టిపడేదాకా ఆటగాడికి అదే గూడు. నిశేష్ త్వరగా బయటికొచ్చాడా అంటే, ఆ ప్రశ్న నాకూ ఉంది.

పరిమితి ఎదురుబంతి ఆటదే అనుకుంటే మాత్రం పొరపాటు. లర్నర్ టియెన్‌ను చూడండి. అదే దేశం, అదే 2005 పుట్టుక. పెద్ద సర్వ్ లేదు, పొడుగూ కాదు, అతనిదీ ఎదురుబంతి ఆటే, కాకపోతే ఎడమచేతివాటం. నిశేష్ ఓడిన ఆ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోనే టియెన్ అయిదు సెట్లలో అగ్రశ్రేణి ఆటగాడు మెద్వెదెవ్‌ను ఓడించాడు. ఆ ఏడే నవంబరులో మెట్జ్ టైటిల్ గెలిచి మొదటి ముప్పైలోకి వచ్చాడు. వింబుల్డన్ మొదటి రౌండ్‌లో నిశేష్‌ను ఆపింది అతనే, డిసెంబరులో జెడ్డాలో కుర్ర ఆటగాళ్ల ఏడాది చివరి టోర్నీ నెక్స్ట్ జెన్ ఫైనల్స్ సెమీస్‌లో ఆపిందీ అతనే. పనిముట్లు ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడుందా అని నేను చాలాసేపు చూశాను. నాకు తోచింది ఇది: టియెన్ పడుగు పరుస్తూనే మధ్యలో ఒక బంతిని ఎదుటివాడు ఊహించని చోట ముందే కోసేస్తాడు. నిశేష్ పడుగంతా పూర్తయ్యేదాకా ఆగుతాడు. అందం నిశేష్‌ది, ఆదా టియెన్‌ది.

ఆలూరు నుంచి పట్నం దారి పట్టి, ఊడలు దిగిన మర్రిచెట్ల కింద చేవెళ్ల దాటితే మొయినాబాద్ మండలంలో ముర్తుజాగూడ వస్తుంది. 2013లో సానియా మీర్జా అక్కడ అకాడమీ పెట్టింది. ఆమె కూడా జూనియర్ టైటిల్‌తోనే లోకానికి తెలిసింది, 2003 వింబుల్డన్ బాలికల డబుల్స్‌తో. ఆ దారిన పోయినప్పుడల్లా వీపున రాకెట్ సంచీ వేలాడుతున్న పిల్లలు కనిపిస్తారేమోనని చూస్తాను. కనిపిస్తే ఒక్కటే చెప్పాలని ఉంటుంది: ఫోర్‌హ్యాండ్ ఎలాగూ నేర్చుకుంటారు, ఈ నెల్లూరోళ్ల అబ్బాయి సర్వ్‌కు ఎదురుబంతి ఆడేటప్పుడు పాదాలు మాత్రం చూడండి.

ఈ మధ్య మా అన్న మళ్లీ అరుగు దగ్గర ఆగాడు.

“ఆ వాపస్ పంపే పిలగాడు ఎట్లున్నడు?”

“ఎక్కుతుండు, జారుతుండు అన్నా.”

“ఇప్పుడన్న కొడ్తుండా?”

“ఎప్పుడన్న ఒకటి.”

సంచీలోంచి ఒక క్యారెట్ తీసి, తువ్వాలుతో మట్టి తుడిచి నాకిచ్చాడు. “ఎక్కువ కొట్టకుమను,” అన్నాడు. “వాపస్ పంపుడే మంచిగుండె.”