ఇరుకు బల్ల మీద ఒక దేశం

ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో బ్యాగు స్కానర్ బెల్టు మీద పెట్టి, చేతులు చాపి నిలబడతాం. తనిఖీ చేసే మనిషి వైపు నుంచి ఆ వరుస ఎలా కనిపిస్తుందో ఆలోచించం. అటువైపు కూర్చోబెట్టి చూపించే ఆట ‘పేపర్స్, ప్లీజ్’. లూకాస్ పోప్ అనే అమెరికన్ రూపకర్త 2013లో దీన్ని కంప్యూటర్లకు తెచ్చాడు. 2022లో ఫోన్లకూ వచ్చింది. నాచారం వెళ్లడానికి నేను హబ్సిగూడలో దిగి ఆటో ఎక్కాలి. ఆలోపు మెట్రోలో ఆడుతూ ఉంటాను.

ఆర్స్టోట్జ్కా అనేది ఊహాదేశం. కాలం 1982 నవంబరు. పొరుగున ఉన్న కొలెచియాతో ఆరేళ్ల యుద్ధం అప్పుడే ముగిసింది. మనం గ్రెస్టిన్ చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టరు. వచ్చినవాళ్ల కాగితాలు చూసి ఆకుపచ్చ స్టాంపో ఎర్ర స్టాంపో వేయడమే ఉద్యోగం.

పనితనమంతా మన ముందున్న బల్లలో ఉంది. పాస్‌పోర్టు, పర్మిట్, నిబంధనల పుస్తకం పరిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. జరుపుకుంటూ, పేజీ తిప్పుకుంటూ గడువు తేదీ, ఫొటో, పాస్‌పోర్టు ఇచ్చిన ఊరు సరిచూడాలి. మొదటి రోజు స్వదేశీయులకే ప్రవేశం. తర్వాత నిబంధనలు పెరుగుతాయి, కాగితాలు పెరుగుతాయి, బల్ల మాత్రం అంతే. ఆ ఇరుకులో చేతులు తడబడుతుంటే కంగారు దానంతటదే పుడుతుంది. స్టాంపు కూడా మీట నొక్కితే పడేది కాదు. స్టాంపుల పలకను లాగి, పాస్‌పోర్టును దాని కిందికి చేర్చి వేయాలి. నిర్ణయం మన చేతి మీదుగా జరిగిందని మర్చిపోనివ్వదు.

సరిగ్గా చూసిన ఒక్కొక్కరికి 5 క్రెడిట్లు. రోజుకు రెండు తప్పుల వరకు హెచ్చరిక, మూడోదాని నుంచి జీతంలో కోత. సాయంత్రం ఇంటి అద్దె, తిండి, చలికి హీటరు ఖర్చు తీయాలి. చాలకపోతే ఇంట్లోవాళ్లు జబ్బుపడతారు.

ఈ లెక్కల మధ్యలోకి ఒక భర్త వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనకాల తన భార్య వస్తోందని, కాస్త దయ చూపమని అడిగి లోపలికి వెళ్తాడు. ఆమె దగ్గర పర్మిట్ ఉండదు. వెనక్కి పంపితే చంపేస్తారంటుంది. ఆ సమయంలో విషాద సంగీతం వినిపించదు, నీతిబోధ ఉండదు. ఆమె పాస్‌పోర్టు, రెండు స్టాంపులు, మన చెయ్యి ఉంటాయి. లోపలికి పంపిస్తే హెచ్చరిక చీటీ ప్రింటరులోంచి బయటికొస్తుంది. కరుణకు ఎంత ఖర్చవుతుందో ఇంత కచ్చితంగా చూపిన ఆట నాకు మరొకటి తెలియదు.

2014లో వ్యూహం, సిమ్యులేషన్ విభాగంలో బాఫ్టా పురస్కారం దీనికే దక్కింది. ఫోనులో దొరుకుతుంది, ఆడి చూడండి. మొదటి వారంలోనే ఆ దంపతులు మీ బల్ల ముందుకు వస్తారు.