బాండికూట్ శబ్దవిచారము

ఆంగ్లభాషయందలి బాండికూట్ అను జంతునామమునకు మూలము తెనుఁగు పందికొక్కు శబ్దమే యని యూల్, బర్నెల్ పండితులు 1886వ సంవత్సరమున వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువునఁ దెలిపిరి. ఈ మతము గ్రాహ్యమేకాని దాని బలాబలములు విచార్యములు.

పందివంటి కొక్కు పందికొక్కు. ఇది ఉపమానపూర్వపదకర్మధారయము, కొక్కనఁగా నెలుక. దేహస్థౌల్యమును, కోపించినపుడు చేయు గురగురధ్వనియు నిందు సాధారణధర్మములు. ఆంగ్లేయులు పదాది పకారమును మహాప్రాణప్రాయముగా నుచ్చరింతురు. కావున నల్పప్రాణమైన మన పకారము వారి చెవికి బకారప్రాయముగాఁ దోఁచియుండును. తుదికకారము టకారమగుటకు మాత్రము నియమము గానరాదు. అయినను నా పేరు మొదట భారతదేశపు పెద్దయెలుకకే చెల్లుటచే, అర్థసామ్యము ధ్వనిలోపమును బూరించుచున్నది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే యీ యెలుకల ప్రజాతికి బాండికోటా యని లాటినురూపమున నామకరణము చేసెను. ఇట్లు తెనుఁగు సమాసమొకటి శాస్త్రపరిభాషయందు నిలిచినది.

చిక్కు వేఱొకచోటఁ గలదు. ఆస్ట్రేలియాకు వలసపోయిన యాంగ్లేయు లచటి జంతువునొకదానిని నీ పేరనే పిలిచిరి. అది యెలుక కాదు. పిల్లలను సంచిలోఁ బెంచు కంగారూవర్గమునకుఁ జేరినది. ఆ సంచి వెనుకవైపునకుఁ దెఱచియుండును. అందొక ప్రజాతికిఁ బెరామెలిస్ అని శాస్త్రనామము. సంచి యను నర్థముగల గ్రీకుపదమును, బాడ్జర్ అను జంతువును దెలుపు లాటినుపదమును గూర్చిన యీ సమాసము మన వైరిసమాసములను దలఁపించును.

ఇట్టి జంతువును గూర్చిన యాంగ్లవాక్యమును దెనిఁగించునపుడు పందికొక్కని వ్రాయుట యుక్తమా? మూలశబ్దము మనదే కదా, దానిని మరలఁ గైకొనుటలో దోషమేమి యని పూర్వపక్షము. వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు. గమనార్థకధాతువునుండి పుట్టినను, పరుండిన యావును సైతము గోశబ్దము చెప్పుచున్నది. నడచు నశ్వమును జెప్పదు. అట్లే బాండికూట్ శబ్దము పందికొక్కునుండి పుట్టినను, ఆస్ట్రేలియాలో రూఢిచే నన్యజంతువాచకము. అచటి జంతువును బందికొక్కన్నచో, బాలురు తమ గాదెలఁ దొలుచు నెలుకనే తలఁతురు. శబ్దము నిలుచును, అర్థము చెడును.

కావున నిఘంటుకర్తలు బాండికూట్ పదమున కర్థద్వయమును వేఱువేఱుగాఁ జూపవలెను. మొదటిదానికిఁ బందికొక్కనియు, రెండవదానికి ఆస్ట్రేలియా బాండికూట్ అనియు వ్రాయుట మేలు. వ్యుత్పత్తి శబ్దముయొక్క జన్మమును దెలుపును. అర్థనిర్ణయమునకుఁ బ్రయోగమే శరణము.