మూడు నిమిషాల పద్యం

తాండూరులో బండల మిషన్లు ఒక పట్టాన ఆగవు. నాపరాయి కోత ఒకవైపు, పాలిష్ మరోవైపు. ఆ రొదలో ఇంకో గొంతు వినపడాలంటే మైకు ఉండాల్సిందే. వైకుంఠ రథం మీద ఆ మైకు ఉంటుంది. బండి వీధి మలుపు తిరగ్గానే దుకాణాల్లో బేరాలు ఒక్క క్షణం ఆగుతాయి, మోటార్‌సైకిళ్లు పక్కకు తప్పుకుంటాయి. మైకులోంచి ఘంటసాల భగవద్గీత వినిపిస్తుంటుంది. పోయినవారు ఎవరన్నది తర్వాత తెలుస్తుంది. ఎవరో పోయారన్నది మాత్రం ఆ గొంతే ముందు చెప్పేస్తుంది.

తెలుగు నేల మీద దాదాపు ప్రతి ఊళ్లోనూ ఇదే తంతు. చివరికి పొద్దున్నే ఇంట్లో ఎవరైనా భక్తిగా ఆ గీత పెట్టుకున్నా, 'ఇప్పుడెందుకది' అని పెద్దవాళ్లు కసిరే స్థితి వచ్చింది. ఒక మహా గాయకుడి ఆఖరి పని చావు ఇంటి గుర్తుగా మిగలడం గాయకుడి తప్పు కాదు, గీత తప్పు అసలే కాదు. కానీ దానివల్ల ఒక నష్టం జరిగింది. ఘంటసాల అనగానే ఒక చేతికి సినిమా పాటలు, మరో చేతికి గీత తగులుతాయి. ఈ రెంటికీ మధ్య, నిజానికి రెంటికీ ముందు, ఆయన పాడిన ప్రైవేటు రికార్డులు మాత్రం అటకెక్కాయి.

'ప్రైవేటు' అన్న మాట ఇప్పటివాళ్లకు వింతగా ఉండొచ్చు. అందులో రహస్యమేమీ లేదు. సినిమా కోసం కాకుండా నేరుగా గ్రామఫోన్ కంపెనీ కోసం పాడిన పాటనూ పద్యాన్నీ మనవాళ్లు అలా పిలిచారు. కథ లేదు, తెర మీద పెదవులు కదిపే నటుడు లేడు. గాయకుడి గొంతు, వెనక నాలుగు వాద్యాలు, అంతే. నేటి లెక్కలో చెప్పాలంటే అది సోలో ఆల్బమ్, కాకపోతే ఒక్కో రికార్డు చొప్పున ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. పిల్లవాడు ఆ తరంగాలకు అడుగులు వేసేవాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరిన ఆ కుర్రాడు మాధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. మహారాజా సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి అతన్ని చేరదీశారు. ఆ గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావే తర్వాతి కాలంలో మద్రాసులో ఘంటసాలకు కుడిభుజంలా ఉన్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం, జైలు. పెళ్లయ్యాక అత్తవారి ఊరు పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్యతో పరిచయం, ఆయన ద్వారా మద్రాసు. ఇదంతా చాలాసార్లు చెప్పుకున్న కథే.

తక్కువగా చెప్పుకున్నది తొలి రికార్డు సంగతి. ఈ గొంతు మైకుకు పనికిరాదని హెచ్.ఎం.వి.లో మొదట తిప్పి పంపారంటారు. తర్వాత అదే కంపెనీలో పనిచేస్తున్న పేకేటి శివరాం పట్టుబట్టి పాడించారు. తర్వాతి రోజుల్లో నటుడిగా మనకు తెలిసిన పేకేటే ఆయన. అది 1945 ప్రాంతం. రికార్డుకు ఒకవైపు లలిత గీతం, రెండోవైపు పద్యం. పాట, పద్యం. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఆయన చేసిన పని మొత్తం ఆ ఒక్క లక్క పళ్లేనికి అటూ ఇటూ ఉందని ఇప్పుడు తోస్తుంది.

మైకుకు పనికిరాదన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అప్పటికి పద్యం అంటే నాటకం పద్యమే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర, సురభి వారి పౌరాణికాలు. రాత్రి పదింటికి మొదలై తెల్లవారే ఆటల్లో, మైకులు లేని మైదానాల్లో, ఆఖరి వరుసలో చాప పరుచుకున్నవాడికి కూడా వినపడాలంటే శ్రుతి పెంచాలి, గొంతు తెరవాలి. హార్మోనియం తోడుగా పద్యం చివర రాగం సాగదీయాలి. ఆ రాగానికే వన్స్‌మోర్‌లు. బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటి వాళ్లు ఆ విద్యను శిఖరానికి తీసుకెళ్లారు. వాళ్లను తక్కువ చేయాల్సిన పని లేదు. స్టేజీ అడిగింది వాళ్లు ఇచ్చారు.

రికార్డు అడిగేది వేరు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పళ్లెంలో ఒక వైపుకు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలుగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. స్టేజీ పద్ధతిలో పాడితే ఆ ఒక్క పద్యమే పళ్లెం ఒక వైపంతా తినేస్తుంది. మూడు నాలుగు పద్యాల్లో ఒక కథ చెప్పాలనుకున్నవాడు ఏదో ఒకటి వదులుకోవాలి. ఘంటసాల రాగాన్ని కోశారు, మాటను ఉంచారు. సంగీత కళాశాలలో చదివినవాడికి రాగం కోయడం సులువేమీ కాదు. తెలిసిన విద్యను దాచుకోవడమే అన్నిటికన్నా కష్టం.

ఇందుకు 'పుష్పవిలాపం' కన్నా మంచి ఉదాహరణ దొరకదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి, అంటే కరుణశ్రీ, రాసిన ఖండిక అది. పూజకు పూలు కోద్దామని తోటలోకి వెళ్లిన భక్తుడితో పూలే మాట్లాడతాయి. కోయవద్దంటాయి, నిలదీస్తాయి, తిడతాయి. అతను వట్టి చేతులతో దేవుడి ముందుకొస్తాడు. కథ ఇంతే. రికార్డుకు రెండు వైపులా ఇదే.

మొదట గమనించాల్సింది పదం విరిచే తీరు. వృత్త పద్యంలో మాట ఒక పాదం చివర మొదలై రెండో పాదంలో పూర్తవడం మామూలు. గణాలను లెక్కపెట్టుకుంటూ, యతి దగ్గరో పాదాంతంలోనో ఆగుతూ పాడితే మాట నడుం విరుగుతుంది, వినేవాడికి పద్యం సంస్కృత మంత్రంలా మిగులుతుంది. ఘంటసాల ఛందస్సును లోపల నడవనిచ్చి పైకి వాక్యాన్ని నడిపిస్తారు. అర్థం ఆగిన చోట ఊపిరి ఆగుతుంది. ఒత్తు ఒత్తులాగే, ళ ళలాగే పలుకుతుంది. బడి మొహం చూడనివాడికి కూడా ఉత్పలమాల మొదటిసారికే అర్థమవుతుందంటే కారణం అదే. ఉత్పలమాల నుంచి తేటగీతిలోకి మారినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తేటగీతి పాదం పొట్టిది, నడక దాదాపు మాట నడకే. పూలు ఆడవాళ్లను దెప్పే చోట కవి తేటగీతి ఎత్తుకున్నాడు. గాయకుడు అక్కడ పాట తగ్గించి దెప్పుడు పెంచాడు.

రెండోది వచనం. పద్యానికీ పద్యానికీ మధ్య ఆయన మాట్లాడతారు. సన్నజాజి సన్నని గొంతుతో ఏమందో, గులాబి ఎంత కోపంతో ఎర్రబడిందో దేవుడికి విన్నవిస్తున్నట్టు చెప్పి, ఆ విన్నపం చివర 'ప్రభూ' అని నిలిపి, అక్కడి నుంచి పద్యంలోకి జారుతారు. మాట ఎక్కడ ముగిసింది, రాగం ఎక్కడ మొదలైందన్నది వేలు పెట్టి చూపించడం కష్టం. ఇది హరికథకుడి ఒడుపు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా ఉన్న కళాశాలలో చదివినవాడికి ఆ ఒడుపు పరాయిది కాదు. కానీ హరికథలో గంటల తరబడి సాగేదాన్ని ఆరేడు నిమిషాల్లో, చిడతలూ గజ్జెలూ లేకుండా, ఒక్క గొంతుతో సాధించడం ఆయన సొంతం.

ఇప్పుడు వైకుంఠ రథం మీది గీతను మళ్లీ వినండి. శ్లోకం పాడటం, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పడం, మళ్లీ శ్లోకం. వందకు పైగా శ్లోకాలు, భావాన్ని బట్టి మారే రాగాలు, పాటకూ మాటకూ మధ్య అతుకు కనపడని ఆ నడక. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాకే ఆ రికార్డు జనంలోకి వెళ్లింది. దాని కొలతలు మాత్రం పూలతోటలోనే తీసుకున్నవి.

అమెరికా సోల్ సంగీతంలో ఇలాంటి కథే ఒకటుంది. అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో ఒక పేరున్న ప్రబోధకుడి కూతురు, చర్చిలో పాడుతూ పెరిగింది. కొలంబియా కంపెనీలో ఆమె తొలి ఆల్బమ్ 1961లో వచ్చింది. 1967లో అట్లాంటిక్ కంపెనీ రికార్డుతో దేశమంతా ఊగిపోయాక, ఆ ముందు ఆరేళ్ల పనినీ దారి తప్పిన కాలంగా చాలామంది తీసిపారేశారు. తర్వాతి తరం శ్రోతలు వెనక్కి వెళ్లి, జాజ్ పాటల్లో, పియానో పక్కన, ఆ గొంతు అప్పుడే ఎంత సిద్ధంగా ఉందో విన్నారు. అరీతా తొలినాళ్లను కప్పేసింది ఆమె సొంత విజయమే. ఘంటసాల విషయంలో కప్పింది సినిమా. పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో, లవకుశ 1963లో వచ్చాయి. ఒక్కో సినిమా ఒక్కో పెద్ద చెట్టు. ఆ నీడలో ప్రైవేటు పాటలు చిన్న మొక్కలైపోయాయి. లవకుశ పద్యాలు విని చేతులెత్తి మొక్కేవాళ్లలో ఎందరికి ఆ పద్యం పాడే తీరు గ్రామఫోన్ గదిలో కుదిరిందని తెలుసు?

తాండూరు చెవికి ఈ పద్ధతి ఇంకో రకంగానూ దగ్గరిది. 1874 నుంచీ వాడి, సికింద్రాబాదుల మధ్య రైలు నడుస్తున్న దారిలోని ఊరిది. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినపడతాయి. ముషాయిరాకు వెళ్లినవాళ్లకు తెలుసు: షాయరు గజల్‌ను మామూలుగా చదివితే తహత్, రాగయుక్తంగా చదివితే తరన్నుం. తరన్నుంలో రాగం ఉంటుంది, కానీ అది షేర్‌ను మోసే పల్లకీ మాత్రమే. పెళ్లికూతురు మాటే. రాగం మాటను మింగేస్తే 'వాహ్' రాదు. ఘంటసాల ముషాయిరాల్లో నేర్చుకున్నారని కాదు, నేర్చుకున్నది విజయనగరంలోనే. అయినా ఆ రికార్డుల్లోని పద్యం నాటకం కన్నా తరన్నుంకే దగ్గరగా ఉందని ఈ ప్రాంతపు శ్రోతకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ చుట్టరికం 'తలనిండ పూదండ'లో బయటపడుతుంది. రాసింది దాశరథి కృష్ణమాచార్య. నిజాం జైలు చూసిన కవి, 'గాలిబు గీతాలు' పేరుతో గాలిబ్‌ను తెలుగు చేసిన కవి. ఆయన రాసిన శృంగార గీతాన్ని ఘంటసాల ప్రైవేటు రికార్డుగా పాడారు. పాటలో ఒక రాణి సొగసు, ఆమె చూపు, ఆ చూపుకు లొంగినవాడి వేడుకోలు. గజల్ వాసన ఉన్నా భాష పదహారణాల తెలుగు. ఈ రచయిత ఓటు అడిగితే ప్రైవేటు పాటలన్నిటిలో మొదటి స్థానం దీనికే. తెలంగాణ కవి, కృష్ణా జిల్లా గాయకుడు, సినిమా అవసరం లేకుండా కలుసుకున్న చోటు ఇది.

అన్నీ మెచ్చుకోదగ్గవే అనడం కుదరదు. ఆ రికార్డుల్లో వాద్య సహకారం చాలా చోట్ల పలచగా ఉంటుంది. కొన్ని దేశభక్తి గీతాలకు ఆ రోజు గడిచాక బతుకు లేదు. పుష్పవిలాపంలోని జాలి మోతాదు మించిందని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అభ్యుదయ కవిత్వం వైపు మొగ్గిన విమర్శకులకు కరుణశ్రీ తీపి ఎప్పుడూ ఎక్కువే. ఆ మాటలో కొంత నిజం ఉంది. పూల దుఃఖానికి కన్నీళ్లు పెట్టుకుని, మళ్లీ సాయంత్రం మూర మల్లెలు కొనుక్కునే శ్రోతలం మనం.

అందుకే 'కుంతీకుమారి' మెరుగనిపిస్తుంది. కవి అతనే, గొంతు అదే, కానీ ఏడుపుకు కారణం గట్టిది: పెళ్లికాని తల్లి, చేతిలో పసిబిడ్డ, ఎదురుగా నది. పాదానికి 21 అక్షరాల చంపకమాలలో తోటను వర్ణిస్తూ కథ చెప్పేవాడిలా తాపీగా ఎత్తుకుంటారు. వినేవాడికి ఏం జరగబోతోందో తెలుసు, గొంతు మాత్రం తొందరపడదు. కుంతి మాట్లాడే వేళకు కథకుడు ఎప్పుడు పక్కకు తప్పుకున్నాడో పట్టుకోలేం. మగ గొంతే పాడుతోందన్న సంగతి మరిచిపోతాం. స్టేజీ మీద ఆడవేషం వేసినవాడు చీరతో, నడకతో సాధించేదాన్ని ఇక్కడ ఉచ్చారణ ఒక్కటే సాధించింది.

ఇవేవీ ఇప్పుడు వెతికి పట్టాల్సిన వస్తువులు కావు, ఫోనులో దొరుకుతాయి. గీతతో కాకుండా కుంతీకుమారితో మొదలుపెట్టండి. ఆ తర్వాత తలనిండ పూదండ, ఆఖరున పుష్పవిలాపం. స్పీకరులో వద్దు, చెవుల్లో పెట్టుకుని వినండి. బండల మిషన్లకు కరెంటు పోయిన పూట దొరికితే మరీ మంచిది.