గిరిపథంలో గురువు

హారిద్రుమత గౌతముడు సత్యకామ జాబాలుణ్ణి శిష్యునిగా స్వీకరించి, తొలిపాఠంగా నాలుగు వందల బక్కచిక్కిన ఆవులను అప్పగించి అడవికి పంపిన వృత్తాంతం ఛాందోగ్యోపనిషత్తు చదివినవారికి పరిచితమే. అవి వేయి అయ్యేదాకా తిరిగిరానని శిష్యుడు పూనిన దీక్షను పెద్దలు విశేషంగా కొనియాడారు గాని, ఆ ఏళ్లన్నీ గురువు ఆశ్రమంలోనే ఉండిపోయిన సంగతిని అంతగా పట్టించుకున్నట్టు లేదు. ఈ గ్రంథకర్త మాత్రం విద్యార్థుల వెంట తానూ అడవికీ, కొండకూ నడిచిన ఉపాధ్యాయుడు.

ఆ నడకకు గల పరంపర అల్పమైనది కాదు. 1953లో ఎవరెస్టును సాధించిన బృందానికి నాయకత్వం వహించిన జాన్ హంట్, ఆ కీర్తితోనే తృప్తి చెందక, యువజనుల సాహసయాత్రలకు ఆలంబనంగా 1956లో బ్రిటనులో వెలసిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డుకు తొలి సంచాలకుడు కాగా, హిల్లరీతో కలిసి ఆ శిఖరంపై పాదం మోపిన టెన్సింగ్ నార్గే, 1954లో డార్జిలింగులో నెలకొన్న హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షకుడై కొత్తతరాల చేతికి తాడు అందించాడు. భువనగిరి ఏకశిలపై ఓనమాలు దిద్దుకొని, ఆ డార్జిలింగులోనే సాధన చేసిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకముందే, 2014 మే 25న, మరో గురుకుల విద్యార్థి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టును అధిరోహించడంతో ఆ పరంపర మన తెలుగునేలను చేరింది.

శిఖరాలను వర్ణించేవారు ఎందరో ఉన్నారు. సెలవుదినాలను ఇంటికి దక్కనీయక, పారితోషికమేమీ ఆశించక, తల్లిదండ్రుల అంగీకారపత్రాలు సేకరించి, ప్రతి ముడినీ స్వహస్తంతో పరీక్షించి, రాత్రి టార్చిలైటు వెలుగులో పిల్లల పాదాల బొబ్బలకు మందు రాసి, తెల్లవారకముందే లేచి తలలు లెక్కపెట్టుకొనే మనిషి శ్రమ మాత్రం అక్షరబద్ధం కావడం అరుదు. ఈ గ్రంథంలో ఆ శ్రమ ఆడంబరం లేకుండా అక్షరబద్ధమైంది. కొండకొస కంటికి కనబడుతుండగా ఉరుము వినిపించినంతనే, పిల్లల అలకలను లెక్కచేయక బృందాన్ని వెనుకకు మళ్లించిన అధ్యాయాన్ని నేను రెండుమార్లు చదివాను. చెట్టులేని బోడిబండపై పిడుగు భయం ఎంతటిదో ఎరిగినవారికి ఆ నిర్ణయంలోని వివేకం బోధపడుతుంది. ఎరుగని ప్రధానోపాధ్యాయులు దానిని తప్పక చదవాలి.

ముడుల ప్రకరణం దీర్ఘమైనదని నా అభిప్రాయం. బొమ్మలు వేయించి ఉంటే సగం పుటలు తగ్గేవి. బాలికల బృందాలతో వెళ్లిన తోటి ఉపాధ్యాయినులు వహించిన భారం ఒక్క పుటలో ముగిసిపోవడం నాకు కొరతగానే తోచింది. మలిముద్రణలో ఆ భాగాన్ని వారిచేతనే వ్రాయించి చేర్చవలసినదిగా గ్రంథకర్తను ఆదేశిస్తున్నాను; వయసులో పెద్దవాణ్ణి గనుక ఆపాటి చనువు నాకున్నది.