ఒకే అడ్రస్, అరవై మంది

ఆన్‌లైన్ సేవలు నడిపేవాళ్లు తమ సర్వర్‌కు వచ్చే రిక్వెస్టులను చాలాసార్లు ఐపీ అడ్రస్ వారీగా లెక్కపెట్టి, నిమిషానికో గంటకో ఇన్నే అని హద్దు పెడతారు. అది దాటినవాళ్లను సర్వర్ సాధారణంగా 429 అనే కోడ్‌తో తిప్పి పంపుతుంది. పాస్‌వర్డులు ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించే ప్రోగ్రాములను ఆపడానికి ఇది పనికొచ్చే ఏర్పాటే. చిక్కల్లా ఆ లెక్క అడ్రస్‌ది, మనిషిది కాదు.

అడ్రస్‌లు పంచుకోవలసి రావడానికి కారణం కొరత. 1981లో ఖరారైన ఐపీవీ4 పద్ధతిలో ఉన్నవి దాదాపు 430 కోట్లే. ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి అయిదు పెద్ద భాగాలను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. అందుకే తిరుపతిలో హాస్టలైనా, లాడ్జి అయినా, లోపల వందల ఫోన్లున్నా బయటికి ఒకటో రెండో అడ్రస్‌లతోనే కనబడుతుంది. అపార్టుమెంటు ఉత్తరాలన్నీ వాచ్‌మన్ చేతికొచ్చి, అక్కణ్ణుంచి ఏ ఫ్లాటువి ఆ ఫ్లాటుకు పోయినట్టు, రూటర్ పోర్టు నంబర్లను బట్టి ఎవరి జవాబు వాళ్లకు చేరుస్తుంది. మొబైల్ కంపెనీలు ఇదే పనిని ఊళ్లకు ఊళ్ల మీద చేస్తాయి. అందుకోసమే 2012లో 100.64తో మొదలయ్యే అడ్రస్‌ల వరసను విడిగా కేటాయించారు.

దీని దెబ్బ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో బాగా తెలుస్తుంది. ప్రోగ్రాముల కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటును స్క్రిప్టులతో పలకరించే దారి అయిన ఏపీఐని లాగిన్ లేకుండా వాడితే ఒక అడ్రస్‌కు గంటకు 60 రిక్వెస్టులే. అరవై మంది కూర్చున్న ల్యాబులో తలకొకటి. ఒకడు లూపులో స్క్రిప్టు నడిపాడంటే మిగతా యాభై తొమ్మిది మందికి అదీ దక్కదు. లాగిన్ అయితే లెక్క ఖాతా మీదికి మారి, గంటకు 5,000 దొరుకుతాయి. హద్దు ఎవరి మీద పెట్టాలో తెలిసిన పద్ధతి ఇది.

వికీపీడియాలో ఒక అడ్రస్ నుంచి 24 గంటల్లో ఆరు కొత్త ఖాతాలే తెరవనిస్తారు. తెలుగు వికీపీడియా పదకొండో వార్షికోత్సవం 2015 ఫిబ్రవరిలో తిరుపతిలోనే జరిగింది. అలాంటి సభల్లో, శిక్షణ తరగతుల్లో కొత్తవాళ్లంతా ఒకే వైఫై మీద ఖాతా తెరవబోతే ఏడో మనిషి దగ్గర బండి ఆగిపోతుంది. అనుభవమున్న నిర్వాహకులు అడ్రస్, తేదీ ముందే తెలిపి మినహాయింపు తీసుకుంటారు, లేదా ఇంటి దగ్గరే ఖాతా తెరుచుకుని రమ్మంటారు. ఖతార్‌లో ఈ చిక్కు దేశం మొత్తానికి వచ్చింది. అక్కడి ట్రాఫిక్ దాదాపు అంతా ఒకే అడ్రస్ మీదుగా పోయే రోజుల్లో, 2007 కొత్త సంవత్సరం నాడు ఇంగ్లిష్ వికీపీడియా ఆ అడ్రస్‌ను కాసేపు నిరోధించింది. ఖాతా లేని ఖతారీలెవరూ ఆ కాసేపు ఒక్క అక్షరం దిద్దలేకపోయారు.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట తెర మీద కనబడే వర్చువల్ క్యూ వేరే సంగతి. అది రద్దీని వరసలో నిలబెట్టడం. అక్కడ ఓపిగ్గా కూర్చోవడమే మేలు. అడ్రస్ హద్దు ఉన్న సైటులోనైతే ఆత్రం ఇంకా చేటు. పేజీ ఒక్కసారి తెరుచుకుంటేనే వెనకాల పదుల రిక్వెస్టులు పోతాయి. నెట్ సెంటర్‌లో నాలుగు కంప్యూటర్ల మీద రిఫ్రెష్ నొక్కుతూ కూర్చుంటే ఆ నలుగురూ ఒకరి కోటా ఒకరు తినేసినట్టే. వైఫై వదిలి మొబైల్ డేటాకు మారితే అడ్రస్ మారుతుంది గానీ, అదీ ఉమ్మడిదే కావచ్చు. వీపీఎన్‌ను నమ్ముకోవడం మరీ దండగ, ఆ అడ్రస్‌ను వాడేవాళ్లు ఇంకెందరో.

ఐపీవీ4 తర్వాత వచ్చిన ఐపీవీ6 పద్ధతిలో అడ్రస్‌లకు కరువు లేదు. 2016లో వచ్చిన జియో మొదటినుంచీ దాన్ని ఇస్తోంది. ఒక్కో ఫోనుకు సొంత అడ్రస్‌ల సమూహమే ఉంటుంది గనక, సైటువాళ్లు ఆ సమూహాన్ని ఒక వాడుకరిగా లెక్కపెడితే పక్కవాడి తప్పు మరొకరి మీద పడదు. కానీ అవతలి సైటు ఐపీవీ4 దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆ ఫోను కూడా మళ్లీ ఉమ్మడి అడ్రస్ మీదుగానే పోవాలి.